ఎగరని పక్షుల రేవు

వాయుగిరి నగరాన్ని మొదటిసారి చూసినవాళ్లెవరూ అది నేల మీద కట్టిన ఊరంటే నమ్మరు. నాలుగు వైపులా నిట్టనిలువుగా తెగిన కొండ. కొండ నడుముకు తెల్లని పంచె చుట్టినట్టు మబ్బులు. ఆ మబ్బుల మీద, ఎవరో ఆకాశంలోంచి జాగ్రత్తగా దించి పెట్టినట్టు, పగడపు రంగు ప్రాకారాలు, పావురాయి రంగు గోపురాలు, గాలికి మోగే వేలాది ఇత్తడి గంటలు. అక్కడి ఇళ్లకు గోడలకన్నా కిటికీలు ఎక్కువ. అక్కడి ఆడవాళ్లు జడల్లో పూలతోపాటు రంగురంగుల ఈకలు తురుముకుంటారు. కొండ చుట్టూ అగ్నిలోయ. రాత్రీ పగలూ పొగలు కక్కే ఆ లోయలో అడుగుపెట్టి తిరిగివచ్చిన మనిషి లేడు. అందుకే ఆ నగరానికి రాజమార్గం లేదు, కోట వాకిలి లేదు. ఉన్నదల్లా ఒక రేవు. పడవల రేవు కాదు, పక్షుల రేవు. ఏనుగంతేసి భేరుండ పక్షులు వీపుల మీద అంబారీలు మోస్తూ అక్కడే వాలతాయి, అక్కణ్ణించే లేస్తాయి.

ఆ రేవుకు మాలినీ రాజ్యపు యువరాజు వసంతకేతుడు లేత ఎండవేళ చేరుకున్నాడు. ఒంటి మీద పట్టుబట్టల వర్తకుడి వేషం. నడుముకు, పైపంచె మడతల్లో, ఒక వెండి భరిణె. ఆ భరిణెలో నీలజ్యోతి తీగ.

ధూమ్రనేత్రుడనే మాంత్రికుడు వదిలిన విషధూమం పీల్చి, తెలివి తప్పి పడి ఉన్నాడు అతని తండ్రి. ఆ తీగ రసం అమావాస్య రాకముందే మహారాజు నాలుక మీద పడాలి. లేదంటే ఆయన ఇక లేవడు. దానికోసం వసంతకేతుడు మాట్లాడే గుహలు దాటాడు, ఒంటికంటి రాక్షసితో పాచికలాడి గెలిచాడు, వాయుగిరి శిఖరాన మంచులో పూచిన తీగను తన చేతులతో తెంచుకున్నాడు. ఇక మిగిలింది ఇంటికి పోవడమే. భేరుండం వీపెక్కితే ఒక్క పగటి ప్రయాణం.

కానీ రేవులో పక్షులన్నీ రాతి అరుగుల మీద రెక్కలు ముడుచుకుని, ముక్కులు రొమ్ముల్లో దూర్చుకుని కూర్చున్నాయి. అరుగుల ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఎత్తైన పీట మీద నిలబడి రేవు అధికారి నింపాదిగా చెబుతున్నాడు.

“ఈ పూట ప్రయాణాలు లేవు. గాలి బాగాలేదు.”

వసంతకేతుడి వెంట వచ్చిన మంత్రికుమారుడు బుధగుప్తుడు ముందుకు తోసుకువెళ్లాడు. లోకంలోని దిగులంతా తన నెత్తినే ఉన్నట్టు కనిపించే యువకుడు అతను.

“గాలికేమైందండీ? నా తలపాగా ఎగిరిపోయేలా వీస్తోందే.”

“అది కిందిగాలి. నేను చెప్పేది పైగాలి.”

“మరి రేపు?”

“రేపటి సంగతి రేపు చెబుతాం. పరదేశులంతా సత్రంలో దిగండి. భోజనం రాణిగారిదే.”

చేసేదేమీ లేక అందరూ సత్రం దారి పట్టారు. మరునాడు అదే అధికారి, అదే పీట, అదే మాట. ఆ మరునాడూ అంతే. సత్రం చావడిలో పరదేశులు మూటల మీద మూటలు వేసుకుని కూర్చుని, రేవు వైపు చూస్తూ తిట్టుకోవడమే పనిగా పెట్టుకున్నారు. సుగంధ ద్రవ్యాలమ్మే పునుగుశెట్టి తన జవ్వాది అంతా ఆవిరైపోతోందని గొణుగుతున్నాడు. కుస్తీలకని సముద్రాలవతల నుంచి వచ్చిన బలమల్లుడు, ఇంకొన్నాళ్లిలాగే కూర్చుంటే తన కండలు పిండిముద్దలవుతాయని వాపోతున్నాడు. వాళ్లందరికీ ఓదార్పు ఒక్కడే. శాంతస్వామి అనే ముసలి యాత్రికుడు. మెడలో తులసిపేరు, చేతిలో రాగిచెంబు. మనిషి మనిషి దగ్గరకూ వెళ్లి చల్లని పానకం పోస్తూ, మెత్తగా మాట్లాడేవాడు.

“ఎక్కడికీ కదలకండి నాయనా. ఏ క్షణాన పిలుస్తారో ఏమో. మీరు ఊళ్లోకి పోయిన సమయానికే పక్షి లేచిపోతే? ఇక్కడే కూర్చోండి, ఈ పానకం తాగండి.”

బుధగుప్తుడికి ఆ మాట బాగా నచ్చింది. చెంబు అందుకున్నాడు.

“యువరా... వర్తకుడుగారూ, పెద్దాయన చెప్పింది నిజమే. మనం కదలకూడదు.”

వసంతకేతుడు భరిణె తెరిచి, తీగ మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించాడు. ఆకాశం వైపు చూశాడు. తెల్లవారు జామున కనిపించే చంద్రుడు నిన్నటికన్నా సన్నబడ్డాడు. గుండెలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. కానీ ఆ పిడికిలిని అలాగే మోస్తూ అరుగు మీద కూర్చోవడం అతని వల్ల కాలేదు.

“నేనిక్కడ కూర్చుని చూసినంత మాత్రాన పక్షి లేవదు, బుధగుప్తా. నాకు తెలియని దేశం గుమ్మం ముందుంది. చూసి వస్తాను. పిలుపు వస్తే రేవు గంట ఊరంతా వినబడుతుంది కదా.”

“పానకం తాగి వెళ్లు నాయనా,” అన్నాడు శాంతస్వామి.

“తీపి నాకు పడదు స్వామీ,” అని వసంతకేతుడు ఊళ్లోకి నడిచాడు.

అలా మొదలైంది అతని వాయుగిరి చదువు. గంటలు పోతపోసే కంచరుల వీథిలో, గంట మోతను బట్టి గాలి ఎటు తిరిగిందో చెప్పడం నేర్చుకున్నాడు. కొండ అంచు వంటశాలల్లో వాయుగిరివాళ్ల మిరియాల చారు తాగి, చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనై, మళ్లీ ఇంకో గిన్నె అడిగాడు. ఆ దేశపు యాసలో నలుగురినీ నవ్వించేంత మాట్లాడగలిగాడు. ఒకనాటి ఉదయం ఊరి చివరి మైదానానికి చేరాడు. అక్కడ అతని కాళ్లు నేలకు అతుక్కుపోయాయి.

మైదానం మీద ఆకాశం నిండా గాలిపటాలు. చిన్నవి కావు, ఇంటి కప్పులంత పటాలు. వెదురు బద్దల చట్రానికి పట్టు బిగించి, పెద్ద పెద్ద రాట్నాల మీంచి తాళ్లు వదులుతున్నారు. ఒక్కో పటం కింద ఉయ్యాల లాంటి పట్టీలో ఒక్కో మనిషి వేలాడుతూ, నవ్వుతూ, పాడుతూ, గాలిలో ఈదుతున్నాడు. వాటిలో ఎర్రని పటం ఒకటి ముక్కు వంచి, గిరికీ కొట్టి, సరిగ్గా వసంతకేతుడి ముందు వాలింది. పట్టీలోంచి ఒక యువతి దిగింది. చామనఛాయ, పొడవాటి చేతులు, జడలో ఒకే ఒక నీలి ఈక. ఆమె పేరు చెంగల్వ. మనిషిపటాలు కట్టడంలోనూ ఎగరడంలోనూ ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు.

“నోరు మూసుకో పరదేశీ, ఈగలు దూరతాయి,” అంది.

“నాకు నేర్పుతావా?”

చెంగల్వ అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. “మీ పరదేశులంతా సత్రంలో కూర్చుని మా ఊరిని తిట్టుకుంటున్నారని విన్నానే.”

“వాళ్లు తిట్టే ఊరిని నేనింకా పూర్తిగా చూడలేదు. పై నుంచి చూస్తే బాగుంటుందేమో.”

ఆమె నవ్వి, పట్టీ అతని చేతికిచ్చింది. మొదటి రోజు వసంతకేతుడు ఎగిరింది తక్కువ, ఈడ్చుకుపోయింది ఎక్కువ. మోచేతులు దోక్కుపోయాయి, పైపంచె ముళ్లకంపకు తగులుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండోసారి చెట్టెత్తు లేచాడు. ఆపైన పట్టుబడింది. ఎడమ భుజం దించితే పటం ఎడమకు తిరుగుతుంది, మోకాళ్లు ముడిస్తే పైకి లేస్తుంది.

“తాడు తెగితే?” అని అడిగాడు ఒకసారి.

“తెగితే గుండె జారనివ్వకు. పటం ముక్కు కిందికి వంచు. జారుడుబండ మీద జారినట్టు జారుతుంది. భయపడి వెనక్కి వాలావా, రాయిలా పడతావు.”

ఆ సాయంకాలం పటం మడుస్తూ చెంగల్వ గొంతు తగ్గించింది. “మీకు గాలి బాగాలేదని చెబుతున్నారు కదూ. గాలికేం లేదు. మా పెద్దపక్షి హిరణ్మయి కూయడం మానేసింది. పొద్దున్నే అది కూస్తేనే మిగతా పక్షులు రెక్క విప్పుతాయి. దాని పిల్ల గూట్లోంచి మాయమైంది. లోయలో పడిపోయిందనుకుంటున్నాం. తల్లి తిండి కూడా ముట్టడం లేదు. ఈ మాట పరదేశులకు చెబితే గోల చేస్తారని అధికారి దాచాడు.”

వసంతకేతుడు రేవు వైపు తిరిగి చూశాడు. అరుగు మీద తల వంచుకుని కూర్చున్న ఆ పెద్దపక్షి కళ్లు గుర్తొచ్చాయి. కోపం పోయి, జాలి వేసింది.

మరునాడు గాలి బలంగా ఉంది. చెంగల్వ తాడు వదులుతూ పోయింది. వసంతకేతుడు గోపురాలు దాటి, గంటల మోత దాటి, ఇంతకుముందెన్నడూ పోనంత ఎత్తుకు పోయాడు. కింద నగరం చేతి ఉంగరమంత కనిపించింది. లోయకు అవతల శూలశిఖరం. ఈటె మొనలా నిలబడిన ఒంటరి కొండకొమ్ము అది. దాని చుట్టూ ఎప్పుడూ నల్లని పొగమంచు. ఊరి నుంచి చూస్తే ఆ మంచు తప్ప ఏమీ కనబడదు. కానీ ఈ ఎత్తు నుంచి మంచు లోపలికి చూపు పోయింది. కొమ్ము వెనకవైపు ఒక అరుగు, అరుగు మీద ఇనుప పంజరం. పంజరంలో బంగారు రంగు ఈకల ముద్ద ఒకటి కదిలింది.

కిందికి దిగగానే అతను పట్టీ కూడా విప్పుకోలేదు.

“హిరణ్మయి పిల్ల బతికే ఉంది. శూలశిఖరం మీద ఎవరో బంధించారు.”

చెంగల్వ శూలశిఖరం వైపు తిరిగింది. “ఎవరు? అక్కడికి పక్షి మీద తప్ప వెళ్లలేరే.”

“పటం మీద వెళ్లలేమా?”

ఆమె ఆలోచించింది. గాలి రోజంతా లోయ నుంచి ఊరి వైపు వీస్తుంది. సూర్యోదయానికి ముందు కాసేపు మాత్రం కొండగాలి వెనక్కి తిరిగి, ఊరి నుంచి లోయ మీదికి పోతుంది. అంత దూరానికి ఏనుగుపటం కావాలి. ఊళ్లోకెల్లా పెద్దది. దాని తాడు పట్టడానికి బలమైన చేతులు కావాలి. ఊళ్లో కుర్రకారంతా పక్షులకు మేత తేవడానికి కొండ ఆవలి వైపు అడవికి వెళ్లారు.

“చేతులు నేను తెస్తాను,” అన్నాడు వసంతకేతుడు. “సత్రం నిండా ఉన్నాయి.”

కానీ సత్రంలో అతను చూసిన దృశ్యం వేరు. మధ్యాహ్నపు ఎండ గుమ్మంలో పడుతున్నా అందరూ మూటల మీద వాలిపోయి ఉన్నారు. నిద్ర కాదు, మెలకువా కాదు. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో వెలుగు లేదు. బలమల్లుడి ముక్కు మీద ఈగ వాలితే దాన్ని తోలే ఓపిక కూడా అతనికి లేదు.

“బుధగుప్తా, లే.”

“ఎందుకు?” అన్నాడు బుధగుప్తుడు మత్తుగా. “పిలుస్తారుగా. పిలిచినప్పుడు లేద్దాం. పానకం ఇంకొంచెం...”

వసంతకేతుడు చెంబు అందుకుని వాసన చూశాడు. బెల్లం, యాలకులు. వాటి అడుగున, సన్నగా, ఎక్కడో ఎరిగిన వాసన. తండ్రి పడకగదిలో గోడలకు పట్టిన పొగవాసన అది.  ఏమీ ఎరగనట్టు చెంబు కింద పెట్టి బయటికి నడిచాడు.

కాసేపటికి సత్రం వాకిట్లోకి ఒక కాగు వచ్చింది. దాన్ని మోసుకొచ్చింది చెంగల్వ, ఇంకో నలుగురు వంటశాల ఆడవాళ్లు. నిండా పొగలు కక్కే మిరియాల చారు. ఆకాశమెక్కే ముందు చలికి ఆ ఊరివాళ్లు తాగేది అదే. ఒక్కొక్కరి ముక్కు మూసి, నోట్లో గరిటెడు పోశారు. మొదట పునుగుశెట్టి కెవ్వుమని లేచాడు. బలమల్లుడు సింహంలా గర్జించి స్తంభాన్ని పట్టుకున్నాడు. బుధగుప్తుడు కన్నీళ్లు కారుస్తూ, “నేనిన్నాళ్లూ ఏం చేస్తున్నాను?” అని తనను తానే అడిగాడు. చావడి అంతా దగ్గులు, తుమ్ములు, తిట్లు, ఆపైన నవ్వులు.

మూలన శాంతస్వామి మెల్లగా గుమ్మం వైపు జరుగుతున్నాడు.

“స్వామీ,” అన్నాడు వసంతకేతుడు అతని దారికడ్డంగా నిలబడి. “అందరికీ మీరు పోశారు. ఈ ఒక్క గరిటె మేం పోస్తాం.”

“నాకు కారం పడదు నాయనా.”

“తీపి పడదని నేను తప్పించుకున్నాను. మీకు ఆ వీలు లేదు.”

బలమల్లుడు ముసలివాడి భుజం పట్టుకున్నాడు. గరిటె పెదవికి తగిలిందో లేదో, శాంతస్వామి కళ్లలోంచి నల్లని పొగ సుడులు తిరుగుతూ లేచింది. తెల్లగడ్డం మాడిన పీచులా ముడుచుకుపోయింది. ముడతలు పడిన ముఖం స్థానంలో నిప్పుకణికల్లాంటి కళ్లు.

“ధూమ్రనేత్రుడు,” అన్నాడు బుధగుప్తుడు. మాలినీ మహారాజు మీద విషధూమం వదిలిన మాంత్రికుడి కళ్లలోంచి పొగ వస్తుందని రాజవైద్యులు చెప్పగా ఇద్దరూ విన్నారు.

“అవును, నేనే,” అన్నాడు మాంత్రికుడు. “నీ నడుమున ఉన్న తీగను దొంగిలించిన చెయ్యి బూడిదవుతుంది. కాబట్టి నేను దాన్ని ముట్టుకోను. ముట్టుకోనక్కర్లేదు కూడా. నువ్వు ఇక్కడ ఉంటే చాలు. రేపు ఉదయించేది చివరి చంద్రరేఖ. ఎల్లుండి అదీ ఉండదు.”

అతను పెద్ద రాబందుగా మారి, పైకప్పు చీల్చుకుని శూలశిఖరం వైపు ఎగిరిపోయాడు.

 మొదట మాట్లాడింది పునుగుశెట్టి.

“వర్తకుడుగారూ, మీరెవరో నాకు తెలియదు. వాడు మా రోజులు తాగేశాడు. ఏం చేయాలో చెప్పండి.”

ఇక ఆ సాయంత్రం పక్షిరేవు చూడవలసిందే. ఏనుగుపటాన్ని గిడ్డంగిలోంచి బయటికి తీసి, చిరుగులు కుట్టారు. తాడు చాలలేదు. బావి చేదతాళ్లు వచ్చాయి, గుడారాల మోకులు వచ్చాయి, పునుగుశెట్టి తన మూటలకు కట్టిన పట్టుతాళ్లన్నీ విప్పి ఇచ్చాడు. బుధగుప్తుడు దిగులుపడే అలవాటునంతా ముడుల మీద పెట్టి, ప్రతి ముడినీ లాగి, మళ్లీ లాగి చూశాడు. ఒకరి మాట ఒకరికి తెలియని దేశాలవాళ్లు కూడా ఒకే మోకు పట్టుకుని, ఒకే ఊపున లాగడం నేర్చుకున్నారు.

తూర్పు తెల్లబడే వేళ గంటల మోత మారింది. కొండగాలి తిరిగింది. సన్నని వెండితీగలా చంద్రరేఖ ఒకటి అంచున వేలాడుతోంది.

“మోకాళ్లు ముడువు, భుజం గుర్తుంచుకో,” అంది చెంగల్వ పట్టీ బిగిస్తూ. “నా పటం విరగ్గొట్టావంటే ఊరుకోను పరదేశీ.”

“పట్టండి,” అని అరిచాడు బలమల్లుడు.

ఏనుగుపటం ఒక్క ఊపున లేచింది.  కాళ్ల కింద రేవు, అరుగులు, ఎత్తిన ముఖాలు జారిపోయాయి. వాటి చోట అగ్నిలోయ నోరు తెరిచింది. ఎర్రని వెలుగులు, కందెన రంగు పొగలు, ఒంటిని కాల్చే వేడి. ఆ వేడి పటాన్ని ఇంకా పైకి తోసింది. రాట్నం గిరగిరా తిరిగింది. శూలశిఖరం దగ్గరవుతోంది.

మంచులోంచి రాబందు దూసుకొచ్చింది. దాని ముక్కులోంచి నిప్పురవ్వలు రాలుతున్నాయి. అది అతని మీదికి రాలేదు, తాడు మీదికి పోయింది. పట్టుతాడు మండింది. చేదతాడు మండింది. రేవులో మోకు పట్టుకున్నవాళ్లంతా ఒక్కసారి వెల్లకిలా పడ్డారు.

తాడు తెగింది.

వసంతకేతుడు గుండె జారనివ్వలేదు. ఒళ్లంతా వెనక్కి వాలమంటున్నా పళ్లు బిగించి ముక్కు కిందికి వంచాడు. పటం జారింది. గాలి చెవుల్లో హోరెత్తింది. నల్లని రాతిగోడ ఎదురుగా పెరిగి పెరిగి ఆకాశమంతా నిండిపోయింది. చివరి క్షణంలో ఎడమ భుజం దించాడు. పటం కొమ్మును చుట్టి, వెనకవైపు అరుగు మీద వెదుళ్లు ఫెళఫెళా విరుగుతుండగా కూలబడింది.

లేచి చూసేసరికి, పంజరానికి మూడు చుట్లు చుట్టుకున్న కొండచిలువ తల పైకెత్తుతోంది. దాని నాలుక ఖడ్గమంత పొడవు. అది నోరు తెరిచి మీదికి వచ్చేలోగా వసంతకేతుడు చిరిగిన పట్టుగుడ్డను దాని తల మీద కప్పి, పటం తాళ్లతో మెడ చుట్టూ బిగించాడు. చిలువ గుడ్డిగా కొట్టుకుంటూ, తన బరువుకు తానే అంచు దాటి లోయలోకి జారిపోయింది. అతను కత్తితో గొళ్లెం విరగ్గొట్టాడు. లోపల దూడంత పక్షిపిల్ల వణుకుతోంది. దాని ముక్కు నల్లదారంతో కుట్టేసి ఉంది. అందుకే ఇన్నాళ్లూ తల్లికి దాని పిలుపు వినబడలేదు.

“ఉండు తల్లీ, నొప్పి పెట్టదు,” అంటూ దారం తెంపాడు.

వెనక నవ్వు వినిపించింది. ధూమ్రనేత్రుడు మనిషి రూపంలో, చేతిలో ఎముక దండంతో నిలబడి ఉన్నాడు. కళ్లలోంచి పొగ మెల్లగా అరుగంతా పరుచుకుంటోంది.

“వచ్చావు, బాగుంది. పోయేదెలా? పటం విరిగింది, తాడు తెగింది. అమావాస్య దాకా మనమిద్దరం ఇక్కడే కబుర్లు చెప్పుకుందాం.”

పొగ వసంతకేతుడి మోకాళ్ల దాకా వచ్చింది. కాళ్లు బరువెక్కాయి. అతను పిల్లను రెండు చేతులా తలకు మించి ఎత్తాడు.

“పిలువు. నీ శక్తికొద్దీ పిలువు.”

పిల్ల కూసింది. మొదట బొంగురుగా, తర్వాత సన్నగా, తర్వాత లోయ అటు అంచు నుంచి ఇటు అంచు దాకా మార్మోగేలా.

లోయకు అవతల, రేవు అరుగు మీద, హిరణ్మయి తల ఎత్తింది.

ఆ తర్వాత ఆమె కూసిన కూతకు వాయుగిరి గంటలన్నీ వాటంతటవే మోగాయి. అరుగుల మీద పక్షులన్నీ ఒక్కసారి రెక్కలు విప్పాయి. ఆకాశం నీలం, పసుపు, కుంకుమ రంగుల రెక్కలతో నిండిపోయింది. ఆ రెక్కల గాలికి శూలశిఖరం మీది మంచు పేలికలు పేలికలుగా చిరిగింది. ధూమ్రనేత్రుడు దండం ఎత్తి ఏదో మంత్రం మొదలుపెట్టాడు. గాలి ఆ మంత్రాన్నీ, దండాన్నీ, కళ్లలోని పొగనూ ఊడ్చుకుపోయింది. పొగ పోయాక మిగిలింది గూనివీపు, సన్నని కాళ్లు, బెదురు చూపులు ఉన్న ఒక బక్కమనిషి. హిరణ్మయి ఒక గోటితో అతన్ని మెడ పట్టి ఎత్తింది. రెండో పాదం వసంతకేతుడి ముందు మెత్తగా చాపింది. అతను పిల్లను పొదువుకుని ఆ పాదం మీద కూర్చున్నాడు.

రేవులో ఆ ఉదయం జరిగిన సంబరాన్ని వాయుగిరివాళ్లు పాటలు కట్టి పాడుకుంటున్నారు. ఆడవాళ్లు ఈకలు చల్లారు. పునుగుశెట్టి తన జవ్వాది సీసాలన్నీ విప్పి అందరి మీదా చిలకరించాడు. ధూమ్రనేత్రుణ్ణి హిరణ్మయి కింద పడేయగానే బలమల్లుడు వెళ్లి అతని మీద కూర్చున్నాడు. రాణిగారి భటులు సంకెళ్లు తెచ్చేదాకా లేవనన్నాడు. బుధగుప్తుడు యువరాజు చేతులూ కాళ్లూ తడిమి చూసి, అన్నీ ఉన్నాయని తేలాక ఏడ్చాడు.

రేవు అధికారి పీట ఎక్కాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఈ రోజు గాలి బాగుంది,” అన్నాడు.

నవ్వులతో అరుగులు అదిరాయి.

రాణిగారు హిరణ్మయినే వసంతకేతుడికి ఇప్పించారు. బంగారు అంబారీ కట్టారు. అందులో వసంతకేతుడు, బుధగుప్తుడు ఎక్కారు. పక్షి మెడ దగ్గర చెంగల్వ ఎక్కి కూర్చుంది. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు పక్షిని నడపడం వేరే నేర్పనక్కర్లేదు.

“నువ్వెక్కడికి?” అన్నాడు వసంతకేతుడు.

“నా ఏనుగుపటం విరగ్గొట్టావు. మీ ఊరి వెదురు చాలా గట్టిదని నువ్వే చెప్పావు. కోసుకుని వస్తాను.”

“నేను వర్తకుణ్ణి కాను చెంగల్వా. మాలినీ యువరాజుని.”

“అయితే వెదురు బాగా ఉంటుంది,” అంది ఆమె, పగ్గం అందుకుంటూ.

హిరణ్మయి లేచింది. అగ్నిలోయ వెనకబడింది, నీలగడ్డి మైదానాలు వెనకబడ్డాయి, జంట నదులు రెండు గాజుల్లా మెరిసి మాయమయ్యాయి. మధ్యాహ్నం వాలేసరికి మాలినీ నగరపు తెల్లని బురుజులు కనిపించాయి. వసంతకేతుడు భరిణె తెరిచి చూశాడు. తీగ తాజాగా, నీలంగా వెలుగుతోంది. అమావాస్యకు ఇంకా ఒక రాత్రి ఉంది. గెలిచాం అనుకున్నాడు.

కింద రాజవీథి నిండా జనం. మేళాలు, తోరణాలు, హారతి పళ్లాలు.

“మన కోసమే,” అన్నాడు బుధగుప్తుడు సంతోషంగా. “మనం వస్తున్నట్టు వీళ్లకెలా తెలిసిందో.”

పక్షి ఇంకొంచెం దిగింది. జనం మధ్యలోంచి పట్టపుటేనుగు నడుస్తోంది. అంబారీలో ఒక యువకుడు నిలబడి, వెండి భరిణెను రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు. అవే భుజాలు, అదే నవ్వు, అదే ముఖం. జనం అరుపులు గాలిలో స్పష్టంగా వినిపించాయి.

“వసంతకేత యువరాజుకు జయం.”

బుధగుప్తుడు ఏనుగు మీది మనిషిని చూశాడు, పక్కనున్న మనిషిని చూశాడు, మళ్లీ ఏనుగు మీది మనిషిని చూశాడు. ధూమ్రనేత్రుడు తనను వాయుగిరిలో ఆపింది ఈ దొంగ కోసమేనని వసంతకేతుడికి అప్పుడర్థమైంది.

ఏనుగు రాజమందిరం మెట్ల ముందు మోకరిల్లింది. మెట్ల పైన రాజవైద్యుడు బంగారు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆ భరిణెలో ఉన్నదేదో పిండి మహారాజు నాలుక మీద వేయడానికి. దొంగ యువరాజు కిందికి దిగి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

వసంతకేతుడు అంబారీ అంచుకు జరిగి, కత్తి దూశాడు.

“చెంగల్వా, ఆ గిన్నెకూ వాడికీ మధ్య దించగలవా?”

“చోటు తక్కువగా ఉంది,” అంది చెంగల్వ. “గట్టిగా పట్టుకోండి.”

హిరణ్మయి రెక్కలు ముడుచుకుని, విసిరిన బల్లెంలా సూటిగా మెట్ల మీదికి దిగింది.